మా ఉల్హాస్ నదిలో కృష్ణా నీళ్ళు

ఈ వ్యాసం నేను రెండుసార్లు రాశాను. మొదటిసారి రాసింది మా సోషల్ టీచర్ తిరిగి ఇచ్చేశారు. "ఒక నది చరిత్ర" అని విషయం ఇచ్చారు కదా అని నేను పుస్తకంలో ఉన్నట్టే కృష్ణా నది గురించి రాశాను. మహాబలేశ్వర్ దగ్గర పుట్టింది, సుమారు 1400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది, భీమ, తుంగభద్ర, మూసీ దాని ఉపనదులు, ఇట్లా నాలుగు పేజీలు. టీచర్ అంతా చదివారు, ఎర్ర సిరా ఎక్కడా పెట్టలేదు. "బాగానే ఉందమ్మా. కానీ పొద్దున నువ్వు తాగి వచ్చిన నీళ్ళు ఏ నదివి?" అని అడిగారు.

నాకు తెలియలేదు. వెనక బెంచీలో ఒకరు "నల్లా నీళ్ళు టీచర్" అన్నారు, ఇంకొకరు "టాంకర్ నీళ్ళు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకంటే మా ఇంట్లో నీళ్ళు పట్టే పని నాదే. రెండు నీలం డ్రమ్ములు, నాలుగు బిందెలు, ఒక స్టీలు టాకీ. రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి, అవి కూడా ఏ వేళకు వస్తాయో చెప్పలేం. ఇన్నేళ్ళుగా పడుతున్న నీళ్ళు ఎక్కడివో ఒక్కసారి కూడా అడగలేదే అని సిగ్గనిపించింది.

ఇంటికి వెళ్ళి అమ్మను అడిగాను. "టేమ్‌ఘర్ నీళ్ళు" అంది. టేమ్‌ఘర్ అంటే భివండి పక్కనే ఉన్న నీళ్ళ శుద్ధి కేంద్రం, నది కాదు. నాన్నకు కార్ఖానాలో రాత్రి పాళి, నిద్రలో ఉన్నాడు. తాత మాత్రం మంచం మీద లేచి కూర్చుని, "గవి శహాడ్ కాడ ఉల్హాస్ నదిల నుంచి తోడుతరు బిడ్డా" అన్నాడు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

మేం ఉండేది పూర్ణలో. భివండి నుంచి థానే వెళ్ళే రోడ్డు మీద రాహ్నాల్ దాటాక వచ్చే ఊరు, తర్వాత కాల్హేర్, ఆ తర్వాత కశేళీ. బయటివాళ్ళకు పూర్ణ అంటే గోదాములే గుర్తుకొస్తాయి. ఒకప్పుడు వరి పొలాలున్న చోట ఇప్పుడు రేకుల గోదాములు, వాటి మధ్య ట్రక్కులు. మహారాష్ట్రలో పూర్ణ పేరుతో నదులు కూడా ఉన్నాయి. ఒకటి సాత్పుడా కొండల నుంచి వచ్చి తాపీలో కలుస్తుంది, ఇంకొకటి అజంతా కొండల్లో పుట్టి గోదావరిలో కలుస్తుంది. మా పూర్ణ నది కాదు, ఊరు మాత్రమే. కానీ దానికి దక్షిణంగా కొంచెం దూరం వెళితే పెద్ద నీటి పాయ కనిపిస్తుంది. మేమందరం దాన్ని ఖాడీ అంటాం. అదే ఉల్హాస్ నది చివరి భాగం అని నాకు తొమ్మిదో తరగతి దాకా తెలియదు.

ఒక ఆదివారం మా అన్నతో కలిసి కశేళీ వంతెన దాకా వెళ్ళాను. అప్పుడు నీళ్ళు వెనక్కి వెళ్తున్నాయి! అంటే సముద్రం వైపు కాకుండా కళ్యాణ్ వైపు పారుతున్నాయి. అది పోటు సమయం. సముద్రం రోజుకు రెండుసార్లు నదిలోకి తోసుకొస్తుంది, రెండుసార్లు తగ్గుతుంది. అందుకే మా దగ్గర ఖాడీ నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఒడ్డున మడ చెట్లు పెరుగుతాయి, ఆటు వేళ నల్లని బురద బయటపడుతుంది. ఇంత నీళ్ళు కళ్ళ ముందు ఉన్నా గుక్కెడు తాగడానికి పనికిరావు. వంతెన దగ్గరే ముంబైకి మంచినీళ్ళు తీసుకుపోయే పెద్ద పెద్ద ఇనుప గొట్టాలు కూడా ఉన్నాయి. తాన్సా చెరువు నుంచి 1892లోనే ముంబైకి నీళ్ళు పోవడం మొదలైంది. ఇప్పుడు ముంబై తాగే నీళ్ళలో దాదాపు సగం భాత్సా నదివి. వాటిని మా భివండి తాలూకాలోనే పిసే దగ్గర తోడి, పాంజ్రాపూర్‌లో శుద్ధి చేసి పంపుతారు. కింద ఉప్పు నీళ్ళు, గొట్టాల్లో ఎవరివో మంచినీళ్ళు, మధ్యలో నడిచి వెళ్ళే మేము. మా అన్న గొట్టం మీద చెయ్యి పెట్టి "చల్లగుంది" అన్నాడు.

ఇక నది గురించి చెబుతాను. ఉల్హాస్ సహ్యాద్రి కొండల్లో, ఖండాలా దగ్గరి రాజ్‌మాచి ప్రాంతపు లోయల్లో పుడుతుంది. అక్కడి నుంచి ఉత్తరంగా కర్జత్, నేరళ్, బద్లాపూర్ మీదుగా కళ్యాణ్ వస్తుంది. దారిలో బార్వీ, కళ్యాణ్ చుట్టుపక్కల వాల్‌ధునీ, కాళూ, భాత్సా కలుస్తాయి. కళ్యాణ్ దాటాక పడమరకు తిరిగి మా భివండి తాలూకా అంచున ప్రవహించి, థానే దగ్గర మళ్ళీ వంపు తిరిగి వసయి ఖాడీగా అరేబియా సముద్రంలో కలుస్తుంది. భివండి ఊరి మధ్య నుంచి వచ్చే కామ్వారీ కూడా చివరికి ఈ ఖాడీలోనే పడుతుంది. ఉల్హాస్ మొత్తం పొడవు 122 కిలోమీటర్లు. కృష్ణతో పోలిస్తే పదో వంతు కూడా లేదు.

పొడవు తక్కువే కానీ వాన చాలా ఎక్కువ. అరేబియా సముద్రం మీద నుంచి వచ్చే మేఘాలు సహ్యాద్రి గోడకు తగిలి, పైకి లేచి, చల్లబడి అక్కడే కురిసిపోతాయి. లోణావళా, మాథేరాన్ వైపు ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్లు దాటిన వాన పడుతుంది. కొండ దాటి తూర్పుకు వెళితే పుణేలో 700 మిల్లీమీటర్ల చిల్లరే. మా తాత పుట్టిన నల్లగొండ జిల్లాలోనూ ఇంచుమించు అంతే. ఇటు పక్క కురిసిన వానంతా నాలుగు నెలల్లో నిటారుగా దిగి సముద్రంలో పడిపోతుంది. 2005 జూలై 26న ముంబైలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు కురిసినప్పుడు ఉల్హాస్, కామ్వారీ రెండూ పొంగాయి. 2019 జూలై 27న బద్లాపూర్, వాంగణీ మధ్య మహాలక్ష్మీ ఎక్స్‌ప్రెస్ రైలు ఉల్హాస్ వరదలో చిక్కుకుంటే వెయ్యి మందికి పైగా ప్రయాణికులను పడవల్లో బయటికి తెచ్చారు. ఆ రోజు టీవీలో చూసి నానమ్మ దండం పెట్టుకుంది, ఎందుకంటే మేం ఊరికి వెళ్ళేదీ ఆ దారిలోనే.

ఈ నది ఒడ్డున చరిత్ర పాతది. కళ్యాణ్ రెండు వేల ఏళ్ళ నాటి రేవు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో ఒక వర్తకుడు రాసిన "పెరిప్లస్" అనే పుస్తకంలో కళ్యాణ్ పేరు "కల్లియేనా" అని ఉంది. ఒకప్పుడు బాగా నడిచిన ఈ రేవును తర్వాత అడ్డుకున్నారని, అక్కడికి వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి భరూచ్‌కు తీసుకుపోయేవారని అందులో ఉంది. కన్హేరీ గుహల శాసనాల్లో కూడా కళ్యాణ్ వాళ్ళు చేసిన దానాలు కనిపిస్తాయి.

కళ్యాణ్ నుంచి వర్తకులు ముర్బాడ్ మీదుగా కొండ ఎక్కే దారి నానేఘాట్. అది ఎక్కితే జున్నర్, అక్కడి నుంచి సాతవాహనుల రాజధాని పైఠాన్. నానేఘాట్ పైన గుహలో సాతవాహన రాణి నాగనిక పెద్ద శాసనం ఉంది. దానిలో యజ్ఞాలకు ఇచ్చిన ఆవులు, గుర్రాలు, నాణేల లెక్కలు రాశారు. మన దేశంలో దొరికిన చాలా పాత అంకెల్లో అవీ ఉన్నాయి. దారి పక్కన రాతిలో తొలిచిన పెద్ద గోళెం ఉంది, పన్ను డబ్బులు అందులో వేసేవాళ్ళని చెబుతారు. సాతవాహనులనే పురాణాలు ఆంధ్రులు అన్నాయి. కరీంనగర్ వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన తొలి సాతవాహనుల నాణేల గురించి మన తెలుగు పుస్తకాల్లో చదివాం కదా, ఆ రాజులే ఈ ఘాటు దారినీ కాచారు. తెలుగు దేశానికీ ఉల్హాస్ రేవుకూ మధ్య రాకపోకలు మా తాత రైలెక్కి వచ్చిన రోజున మొదలు కాలేదన్నమాట.

నానేఘాట్‌లో ఇంకో విషయం ఉంది, నా వ్యాసానికి అదే ముఖ్యం. ఆ కొండ అంచుకు పడమట పడిన వాన కాళూ నదిలోకి దిగి ఉల్హాస్‌లో కలుస్తుంది. అదే అంచుకు తూర్పున పడిన వాన కుకడీ నదిలోకి పోయి, ఘోడ్‌లో కలిసి, భీమలో కలిసి, చివరికి కృష్ణలో కలుస్తుంది. అంటే ఒకే మేఘం, ఒకే కొండ. గాలి కాస్త ఇటు వీస్తే మా ఖాడీకి, అటు వీస్తే నాగార్జునసాగర్‌కు.

మధ్య కాలం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది మరాఠీ పాఠాల్లో అందరం చదివాం. 1657లో శివాజీ మహారాజ్ కళ్యాణ్, భివండి తీసుకున్నారు, ఈ ఖాడీలోనే ఓడలు కట్టించడం మొదలుపెట్టారు. నది ముఖంలోని వసయి కోటను పోర్చుగీసుల నుంచి 1739లో చిమాజీ అప్పా గెలిచారు. దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో థానే దాకా వచ్చింది, మరుసటి ఏడాది కళ్యాణ్ చేరింది. 1863లో ఉల్హాస్ లోయ పక్క నుంచి బోర్ ఘాటు ఎక్కింది. రైలు ఘాటు ఎక్కిన తరవాతే మన వాళ్ళు పెద్ద సంఖ్యలో బొంబాయికి వచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. టీచర్ నన్ను ఇంకో ప్రశ్న అడిగారు. "సహ్యాద్రి పడమటి నదులు వానాకాలంలో పొంగుతాయి, ఎండాకాలంలో బండలు తేలతాయి. మరి మే నెలలో శహాడ్ దగ్గర తోడటానికి ఉల్హాస్‌లో నీళ్ళెక్కడివి?" నేను ఆనకట్ట అన్నాను. ఉల్హాస్ ఎగువ మీద అంత పెద్ద ఆనకట్ట ఏదీ లేదు. బార్వీ ఆనకట్ట ఉన్నా అది ఉపనది మీద, దిగువన ఉంది. జవాబు నేను అనుకోని చోట దొరికింది. కొండకు అవతల!

కర్జత్‌కు ఎదురుగా ఘాటు పైన, పుణే జిల్లా మావళ్ తాలూకాలో ఒక చిన్న నది ఉంది. దాని పేరు ఆంధ్రా నది. నిజంగానే. మరాఠీ వాళ్ళు ఆంద్రా అని పలుకుతారు. పేరు చూసి మన రాష్ట్రానికి చుట్టరికం కలపాలని నేను ప్రయత్నించడం లేదు. కానీ ఆ నది పారేది మాత్రం నిజంగా మన వైపే. తూర్పుకు పారి ఇంద్రాయణిలో కలుస్తుంది. ఇంద్రాయణి అంటే తుకారాం మహారాజ్ దేహూ, జ్ఞానేశ్వర్ మహారాజ్ ఆళందీ పక్క నుంచి పారే నది. అది భీమలో కలుస్తుంది. భీమ పండరిపురంలో చంద్రభాగ అనిపించుకుని, మన పద్మశాలీలు ఎక్కువగా ఉండే షోలాపూర్ జిల్లా మీదుగా, కర్ణాటక దాటి, తెలంగాణ సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్.

ఆ నదిని వంద ఏళ్ళ క్రితం వెనక్కి తిప్పారు.

బొంబాయి బట్టల మిల్లులు అప్పట్లో బొగ్గుతో నడిచేవి. బొగ్గు చాలా దూరం నుంచి రావాలి, పొగ కూడా ఎక్కువ. ఘాటు మీద నీళ్ళు నిలబెట్టి, గొట్టాల్లో కిందికి వదిలి, ఆ వేగంతో కరెంటు తీయాలని జంషెడ్‌జీ టాటా ఆలోచించారు. ఆయన 1904లో చనిపోయారు, పని కొడుకుల కాలంలో జరిగింది. 1910లో కంపెనీ పెట్టారు, 1915లో ఖోపోలీ కేంద్రం నుంచి బొంబాయి మిల్లులకు కరెంటు వచ్చింది. 1916లో రెండో కంపెనీ పెట్టారు, దాని పేరు ఆంధ్రా వ్యాలీ పవర్ సప్లై కంపెనీ. ఆంధ్రా నదికి ఠోకర్‌వాడి దగ్గర ఆనకట్ట కట్టి, కొండలోంచి సొరంగం తవ్వి, నీళ్ళను సుమారు అర కిలోమీటరు కిందికి దించి కర్జత్ పక్కన భివ్‌పురిలో 1922 నుంచి కరెంటు తీస్తున్నారు. తూర్పున నది వాలు నెమ్మదిగా ఉంటుంది, అటు వదిలితే అంత బలం రాదు. పడమట కొండ గోడలాగ నిలువుగా ఉంది. అందుకే ఇటు వదిలారు. 1927లో మూడోది భీరాలో మొదలైంది, ముళా నది మీది ముళ్‌షీ ఆనకట్ట నీళ్ళతో.

కరెంటు తీశాక నీళ్ళు ఏమవుతాయి? మళ్ళీ కొండ ఎక్కలేవు కదా. ఖోపోలీ నీళ్ళు పాతాళగంగా నదిలోకి, భీరా నీళ్ళు కుండలికా నదిలోకి పోతాయి. భివ్‌పురి నీళ్ళు ఉల్హాస్‌లోకి వస్తాయి. ఎండాకాలంలో కూడా కేంద్రం నడుస్తుంది కాబట్టి ఉల్హాస్ ఎండిపోదు. బద్లాపూర్, అంబర్‌నాథ్, ఉల్హాస్‌నగర్, కళ్యాణ్, థానే, మీరా భాయందర్, మా భివండి, మా పూర్ణ, అందరం దాని మీద ఆధారపడ్డాం. మే నెలలో ఆంధ్రా చెరువులో నీళ్ళు తగ్గాయంటే మా దగ్గర నీళ్ళ కోత మొదలవుతుంది.

ఇది తెలిసిన రోజు రాత్రి అట్లాస్ తెచ్చి తాత మంచం మీద పరిచాను. తాతకు చత్వారం, అందుకని ఆయన వేలు పట్టుకుని మ్యాపు మీద నడిపించాను. ఇదిగో ఆంధ్రా నది, ఇదిగో ఇంద్రాయణి, భీమ, కృష్ణ, ఇదిగో సాగర్. మళ్ళీ వెనక్కి తెచ్చి, ఇక్కడ ఆనకట్ట కట్టి ఇటు తిప్పారు తాతా, ఇదిగో భివ్‌పురి, కళ్యాణ్, ఇదిగో మన పూర్ణ అని చెప్పాను. తాత కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అంటే మనకంటే ముందుగాల నీళ్ళే వచ్చినయా ఈడికి" అన్నాడు.

మా తాతది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఉండేవట. 1972లో కరువు వచ్చింది. మహారాష్ట్రలోనూ అదే ఏడాది పెద్ద కరువని చదివాను. నూలు కొనే శక్తి లేదు, నేసిన చీర కొనేవాడు లేడు. బావులు అడుగంటాయి, మిగిలిన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. తాత వాళ్ళ మేనమామకు నలభై ఏళ్ళకే నడుం వంగిపోయిందట. అప్పటికి నాగార్జునసాగర్ ప్రారంభమై ఐదేళ్ళయింది. ఆనకట్ట ఉన్నది వాళ్ళ జిల్లాలోనే, కానీ ఊరు గట్టు మీద ఉంది, కాలువ కింద పారింది. పదిహేడేళ్ళ తాత ఊరివాళ్ళ వెంట బొంబాయి వచ్చి ఒక మిల్లులో బదిలీ పనివాడుగా చేరాడు. 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలైంది. తెరుచుకుంటుందని ఏడాది ఎదురుచూసి, ఇక కాదని భివండి వచ్చి సాంచాల మీద పడ్డాడు. అప్పుడు ఒక్కడు నాలుగు సాంచాలు చూసేవాడట, ఇప్పుడు నాన్న అంతకన్నా ఎక్కువ చూస్తున్నాడు.

తాతను నేను అడిగాను, మిల్లులో మీ మగ్గాలకు కరెంటు ఎక్కడి నుంచి వచ్చేదో తెలుసా అని. "టాటా కరెంటు" అని వెంటనే చెప్పాడు. బొంబాయి మిల్లు కార్మికులందరికీ ఆ మాట తెలుసు. ఆ కరెంటులో కొంతైనా కృష్ణలోకి పోవాల్సిన నీళ్ళతో తీసింది అని మాత్రం ఆయనకు తెలియదు. నీళ్ళు లేక ఊరు విడిచిన మనిషి, ఆ నీళ్ళతో తిరిగే యంత్రం ముందు పదేళ్ళు నిలబడ్డాడు. దీన్ని ఎట్లా చెప్పాలో నాకు తెలియక ఇట్లా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నల్లగొండ కరువుకు టాటా చెరువులే కారణం అని నేను అనడం లేదు. కృష్ణ చాలా పెద్దది, ఘాటు మీద తిప్పింది దానిలో చిన్న భాగమే. పైగా నీళ్ళు సాగర్‌లో ఉన్నప్పుడు కూడా మా తాత ఊరికి రాలేదు కదా. కానీ చిన్న భాగమైనా దాని మీద రాష్ట్రాల మధ్య తగాదా నడిచింది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా నీళ్ళను మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లకు పంచింది. టాటా కేంద్రాలన్నీ కలిపి భీమ ఎగువ నుంచి పడమటికి ఒక ఏడాదిలో 54.5 టీఎంసీలు, వరసగా ఏ ఐదేళ్ళలోనైనా 212 టీఎంసీలు మించి తిప్పకూడదని హద్దు పెట్టింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు. మా నీలం డ్రమ్ముకు 200 లీటర్లు పడతాయి. ఒక్క టీఎంసీకి ఎన్ని డ్రమ్ములో లెక్క చేశాను, 14 కోట్లకు పైనే వచ్చాయి. మా అన్న లెక్క సరిచూసి "పట్టేదానివి నువ్వే కదా" అన్నాడు.

నష్టపోయింది కింది వాళ్ళే కాదు. ఆనకట్ట వెనక మునిగిన మావళ్ లోయల రైతులూ ఉన్నారు. ముళ్‌షీ దగ్గర తమ వరి మడులు, ఊళ్ళు మునుగుతాయని రైతులు 1921లో సత్యాగ్రహం చేశారు. పాండురంగ మహాదేవ్ బాపట్ దానికి నాయకుడు, ఆ పోరాటం వల్లనే ఆయనకు సేనాపతి అనే పేరు వచ్చింది. ఆయన జైలుకు వెళ్ళారు. ఆనకట్టల మీద ప్రపంచంలో జరిగిన తొలి పోరాటాల్లో అది ఒకటి అంటారు. అయినా ఆనకట్ట ఆగలేదు. మన పుస్తకాల్లో ఉప్పు సత్యాగ్రహం ఉంది కానీ ముళ్‌షీ లేదు. ఉంటే బాగుండేది.

సరే, ఇంత దూరం తిప్పి తెచ్చుకున్న నీళ్ళను మనం ఎట్లా చూసుకుంటున్నాం? నాకు కోపం వచ్చిన చోటు ఇదే. వాల్‌ధునీ నదిలోకి అంబర్‌నాథ్, ఉల్హాస్‌నగర్ వైపు నుంచి రసాయనాల నీళ్ళు, మురుగు కలిసి ఉల్హాస్‌లోకి వచ్చేవి. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ రెండు నదుల కాలుష్యం మీద జరిమానాలు వేసింది. ఎండాకాలంలో కళ్యాణ్ ఎగువన నీళ్ళ మీద గుర్రపు డెక్క ఎంత దట్టంగా అల్లుకుంటుందంటే నదిని పచ్చిక బయలు అనుకుంటాం. మురుగులోని పోషకాలే దానికి ఎరువు. మేం వేరేవాళ్ళను అని లాభం లేదు. భివండిలో నూలుకు గంజి పెట్టే సైజింగులు, రంగులు వేసే డయింగులు కూడా నాలాల్లోకే వదులుతాయి, నాలాలు కామ్వారీలోకి పోతాయి. నదీ నాకా దగ్గర కామ్వారీ వంతెన మీద నిలబడితే ఆ రోజు ఏ రంగు గుడ్డ అద్దారో కొన్నిసార్లు నీళ్ళు చూసి చెప్పవచ్చు. ఈ వాక్యం చదివించినప్పుడు నాన్న "గది రాయాల్నా?" అన్నాడు. ఆయన పని అక్కడే కదా. తాతే "రాయనీ" అన్నాడు.

మే సెలవుల్లో మేం ఊరికి వెళ్ళాం. ఎప్పుడూ నేను పై బెర్తులో పడుకునేదాన్ని, ఈసారి కిటికీ దగ్గర కూర్చున్నాను. కళ్యాణ్ దాటాక రైలు ఉల్హాస్‌కు దగ్గరగానే నడుస్తుంది. బద్లాపూర్, వాంగణీ, నేరళ్, తర్వాత భివ్‌పురి రోడ్ అనే చిన్న స్టేషన్. బోర్డు చూసి తాతను లేపాను. కర్జత్‌లో రైలు వెనక ఇంకా ఇంజిన్లు తగిలించి ఘాటు ఎక్కించారు. సొరంగాల మధ్య ఒకచోట లోయ మొత్తం కనిపించింది, చాలా లోతున సన్నటి గీతలాగ నది. మళ్ళీ సొరంగం వచ్చింది. దౌండ్ చేరేసరికి భీమా నది పక్కకు వచ్చాం. తాత కిటికీలోంచి చెయ్యి చూపించి, "గా నీళ్ళు అటు వోతయ్, మనమూ అటే వోతున్నం" అన్నాడు.

ఊళ్ళో తాత వాళ్ళ చెల్లె ఇంటికి ఇప్పుడు నల్లా ఉంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద వచ్చిన కృష్ణా నీళ్ళు. తాత ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. "ఏమన్న తేడా ఉన్నదా అన్నా?" అని ఆమె అడిగితే, "ఏముంటది, మేం బీవండిల తాగేది గూడ గివే" అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. నేను మళ్ళీ అట్లాస్ తీశాను.

తిరిగి వచ్చేసరికి జూన్ మొదటి వారం, వానలు ఇంకా పడలేదు. ఆంధ్రా చెరువులో మట్టం తగ్గిందని, మా వైపు వారంలో ఒకరోజు నీళ్ళు పూర్తిగా బంద్ అని చెప్పారు. డ్రమ్ములు కడిగి బోర్లించాను. ఇవ్వాళ రాత్రి రెండు గంటలకు వస్తాయట, అమ్మ ఫోన్‌లో అలారం పెట్టి నా తలగడ పక్కన ఉంచింది.